పిల్లలు చదువుకున్న పెద్దల వంట పుస్తకం



మాలతీ చందూర్ గారి 'వంటలు–పిండివంటలు' పేరు వినని తెలుగు ఇల్లు మా తరంలో అరుదు. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడిన రచయిత్రి ఆవిడ. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. నవలలు రాశారు. 'హృదయనేత్రి'కి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. పరాయి భాషల నవలల్ని మనవాళ్లకు ఓపిగ్గా పరిచయం చేశారు. ఇంత చేసినా, 2013లో ఆవిడ పోయారన్న వార్త వచ్చినప్పుడు మా ఊరి ఆడవాళ్లు అడిగిన మొదటి మాట, "వంటల పుస్తకం ఆవిడేనా?" అని. అది చిన్నచూపని నేననుకోను. నవల చదివి పక్కన పెడతాం. వంటల పుస్తకం పొయ్యి దగ్గర మనతో పాటు చెమటలు కక్కుతుంది.

ఈమధ్య ఆ పుస్తకాన్ని మళ్లీ చదివాను. వండడానికి కాదు, ఊరికే, మొదటి పేజీ నుంచి చివరిదాకా. నా దగ్గరున్నది మా అమ్మ వాడిన ప్రతి. అట్టలు రెండూ ఎప్పుడో ఊడిపోయాయి. అరిసెల పేజీ పక్క పేజీకి అతుక్కుపోయి ఉంది, బెల్లప్పాకం మహిమ. అంచుల్లో అమ్మ పెన్సిలు రాతలు. పిల్లల కోసం రాసిన పుస్తకం కాదది. కానీ 1970ల్లో, గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో, పదేళ్లు దాటిన మగపిల్లవాడిగా నేను వంట నేర్చుకున్నది దాన్ని చూసే. పిల్లలకని ప్రత్యేకంగా రాసిన వంట పుస్తకమేదీ మా గుమ్మం తొక్కలేదు మరి.

మగపిల్లవాడికి వంటేమిటని అడుగుతారేమో. మాది పత్తీ మిరపా పండే నేల. అటు యనమదల వెళ్లినా, ఇటు నడింపాలెం వెళ్లినా అవే చేలు. సంక్రాంతి దాటిందంటే మిరప కోతలు ఊపందుకుంటాయి. పత్తి తీతా దాదాపు అదే రోజుల్లో. తెల్లవారకముందే సద్ది కట్టుకుని ఆడవాళ్లు చేలకు వెళ్లేవాళ్లు. కూలికి వెళ్లేవాళ్లూ అంతే, సొంత చేను ఉన్న మా అమ్మలాంటి వాళ్లూ అంతే. కోసిన కాయ కల్లంలో ఆరాలి, తాలుకాయ ఏరాలి, ఎండిన కాయ టిక్కీ బస్తాల్లోకి తొక్కాలి. అమ్మ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేవేళ. ఆడపిల్లలున్న ఇళ్లలో వంట వాళ్ల మీద పడేది. ఆ నెలల్లో మా బడిలో అమ్మాయిల వరస పలచబడేది. ఎందుకని అడిగిన మాస్టరు నాకైతే గుర్తు లేదు. మా ఇంట్లో ఆడపిల్ల లేదు. అందుకని గరిటె నా చేతికొచ్చింది.

పెద్దయ్యాక చదివితే ఆ పుస్తకంలో ఒక సంగతి తెలిసింది. అది రాసింది వంట వచ్చినవాళ్ల కోసం కాదు. కొత్తగా కాపురం పెట్టి, పక్కన అమ్మా అత్తా లేక, పట్నంలో ఒంటరిగా పొయ్యి ముందు నిలబడ్డ అమ్మాయి కోసం. తమిళనాట 1951లో మీనాక్షి అమ్మాళ్ 'సమైత్తు పార్' అనే వంటల పుస్తకం తెచ్చింది కూడా అలాంటి అమ్మాయిల కోసమే. ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, ఉద్యోగాల వెంట జనం పట్నాలకు చేరుతున్న రోజులవి. వంట నోటి మాటగా అందని చోట అచ్చులో అందాల్సి వచ్చింది. ఏమీ తెలియనివాళ్లతో మాట్లాడుతున్నానన్న ఎరుక రాసేవాళ్లకు ఉండబట్టే పిల్లవాడికి కూడా ఆ మాట అర్థమైంది. పండితులకు రాసిన పుస్తకమైతే నేను రెండో పేజీలోనే పారిపోయి ఉందును.

అర్థం కావడం వేరు, చేతికి రావడం వేరు. అక్కడే పెద్దల పుస్తకానికీ పిల్లల చేతికీ మధ్య ఎడం కనిపిస్తుంది. మా అమ్మ గుమ్మంలో నిలబడి పైట చెంగు బిగించుకుంటూ చెప్పే మాటలు ఆ ఎడాన్ని పూడ్చేవి.

కొలతనే తీసుకోండి. మన వంటలో సగం కొలతలు చేతివే. గుప్పెడు కందిపప్పు, చిటికెడు పసుపు, నిమ్మకాయంత చింతపండు. గుప్పెడంటే ఎవరి గుప్పెడు? "నా గుప్పెడు ఒకటి, నీ గుప్పెళ్లయితే రెండు" అనేది అమ్మ. అన్నానికి నీళ్లు పోసేటప్పుడు బియ్యం మీద వేలు ఆనించి గీతతో కొలవడం మీలో చాలామందికి తెలుసు. "నా వేలికైతే మొదటి గీత, నీ వేలికి గీత దాటి ఇంకాస్త పోయాలి రా నాన్నా, నీ వేలు పొట్టిది" అని చెప్పేది. ఇంత చిన్న మాట ఏ వంట పుస్తకంలోనూ నాకు కనపడలేదు. పిల్లవాణ్ణి ఎదురుగా పెట్టుకుని రాసేవాళ్లకే తోచే మాట అది.

అమ్మ రాతల్లో తవ్వలు, సోలలు, వీశెలే ఉంటాయి. ప్రభుత్వం 1958 నుంచి కిలోల లెక్క అమల్లోకి తెచ్చినా మా వంటింట్లోకి రావడానికి దానికి చాలా ఏళ్లే పట్టింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. వీశెడంటే నూట ఇరవై తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు కిలో నాలుగువందల గ్రాములు. నాకు ఎక్కాల కంటే ముందు ఇవే వచ్చాయి. సోల దగ్గర్నుంచి రెండు రెట్ల చొప్పున పెరిగే ఆ కొలతలు పిల్లలకు భలే పట్టుబడతాయి. వంటింట్లో లెక్కలు నేర్పొచ్చన్న మాట ఈనాటి విద్యావేత్తలు కనిపెట్టిందేమీ కాదు.

ఇక మంట. పుస్తకాలు ఎంత తేలిగ్గా అనేస్తాయో 'సన్నని సెగ మీద' అని! మద్రాసులో బొగ్గుల కుంపటి ఉన్నవాళ్లకు, కిరసనాయిలు స్టవ్వు ఉన్నవాళ్లకు ఆ మాట చెల్లుతుంది. మా ఊళ్లో వంటచెరకంటే పత్తికట్టె. ఆఖరి తీత అయ్యాక మొక్కల్ని పీకి, మోపులు కట్టి, దొడ్లో వామిలా పేర్చేవాళ్లు. ఏడాది పొడుగునా అవే. పత్తికట్టె గుణం చెప్తాను వినండి. సన్నటి పుల్ల, అందులోనూ ఎండినది. అంటుకుందంటే భగ్గుమని లేస్తుంది, చూస్తుండగానే ఆరిపోతుంది. తుమ్మమొద్దులా నిలకడగా మండదు. కాబట్టి వండేవాళ్లు పొయ్యి ముందు నుంచి లేవడానికి లేదు. పుల్ల తర్వాత పుల్ల ఎగదోస్తూ కూర్చోవాలి. సన్నసెగ కావాలంటే మండే పుల్లల్ని వెనక్కి లాగి, అడుగున మిగిలిన నిప్పుల మీద గిన్నె ఉంచాలి. ఆ నిప్పులూ ఎక్కువసేపు నిలవవు. పప్పు ఉడకాలంటే మళ్లీ మంట, మళ్లీ లాగడం. 1999లో దీపం పథకం మొదలయ్యాక పల్లెల్లోకి గ్యాస్ పొయ్యిలు బాగా వచ్చాయి. మీట తిప్పితే సన్నసెగ. నేను చదివిన పుస్తకంలోని వాక్యం అప్పటికి గానీ మా వీధికి పూర్తిగా చేరలేదు.

మిరపకాయ దగ్గరకొస్తే మా వాళ్లకు ఏ పుస్తకమూ చాలదు. ఫలానా కూరకు ఎండుమిరపకాయలు ఆరు అని రాసి ఉంటుంది. ఆరు సరే, ఏ కాయ? గుంటూరు సన్నమా, బాడిగా, ఇప్పుడు వస్తున్న తేజానా? ఘాటును స్కోవిల్ లెక్కలో కొలుస్తారు. సన్నం సుమారు ముప్పై అయిదు వేల నుంచి నలభై వేల దాకా ఉంటుందంటారు. బాడిగకు రంగే గానీ కారం అందులో సగం కూడా ఉండదు. తేజా సన్నానికి రెట్టింపు. అంటే 'ఆరు కాయలు' అన్న ఒకే వాక్యం ఒక ఇంట్లో కమ్మని కూర, ఇంకో ఇంట్లో కన్నీళ్ల కూర. లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న మా జిల్లాలో రకం చెప్పకుండా మిరపకాయల సంఖ్య చెబితే రైతు నవ్వుతాడు.

అమ్మ పెన్సిలు రాతల్లో నాకు అన్నిటికంటే విలువైనది పండుమిరపకాయ పచ్చడి గురించి రాసింది. వీశెడు పండుకాయలకు పావు వంతు చింతపండు, ఇంచుమించు అంతే ఉప్పు, పసుపు, మెంతిపిండి. ఆ కింద రెండు గీతలు గీసి, 'ముందు కడుగు, తర్వాత తొడిమ' అని రాసి ఉంది. అది పిల్లవాడి కోసం రాసిన మాట. పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. తొడిమ తీసేసి కడిగితే ఆ చిల్లులోంచి నీళ్లు కాయలోకి దిగుతాయి. పైన ఎంత తుడిచినా లోపలి తడి పోదు. జాడీలో పెట్టిన నెలకే బూజు. అందుకని తొడిమలతోనే కడగాలి, పొడిగుడ్డతో తుడవాలి, నీడన ఆరేయాలి, ఆ తర్వాతే తొడిమ. ఎందుకో తెలిస్తే పిల్లలు మరిచిపోరు. ఊరికే చెయ్యమంటే మరిచిపోతారు. ఇంకోటి, కాయల మంట చేతులకెక్కితే నీళ్లతో కడిగితే తగ్గదు. ఆ ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు నూనె రుద్ది, ఆ తర్వాత సబ్బు. కళ్లు మాత్రం ఆ చేత్తో ముట్టుకోవద్దు. ఇదంతా మా ఊళ్లో ప్రతి తల్లికీ తెలుసు. అచ్చులో మాత్రం ఎక్కడుంది?

అన్నిటికంటే ముఖ్యమైనది గంజి. ఎసట్లో బియ్యం పోసి, ఉడికాక గిన్నె వంచి గంజి వార్చడం పుస్తకంలో ఒక్క ముక్క. కుతకుతలాడే గిన్నెను మసిగుడ్డతో పట్టుకుని వంచడం పదేళ్ల చేతులకు ఎంత ప్రమాదమో ఆ ఒక్క ముక్కలో కనిపించదు. మా తరంలో ముంజేతుల మీద, పాదాల మీద గంజి మచ్చలున్న ఆడవాళ్లను చాలామందిని చూస్తారు. అడిగితే నవ్వేసి ఊరుకుంటారు. "గంజి నువ్వు వార్చొద్దు. అత్తెసరు పెట్టు, లేకపోతే పక్కింటి అత్తయ్యని పిలువు" అన్నది అమ్మ ఆజ్ఞ. వార్చకుండా, నీళ్లన్నీ అన్నంలోనే ఇంకిపోయేలా కొలిచి పోయడమే అత్తెసరు. ఇందాకటి వేలి గీత లెక్క దానికే. వంట కంటే ముందు పిల్లవాడి చేతుల గురించి ఆలోచించిన మనిషి అమ్మ.

పిల్లల కోసమని పనిగట్టుకుని రాసిన వంట పుస్తకం నేను పెద్దయ్యాకే చూశాను. అదీ తెలుగులో కాదు. టెక్సాస్‌లో ఉంటున్న, నాకు వరసకు మేనకోడలయ్యే అమ్మాయి తన పిల్లలకు కొన్నది. 1957లో అమెరికాలో అచ్చయిన 'బెట్టీ క్రాకర్స్ కుక్ బుక్ ఫర్ బాయ్స్ అండ్ గర్ల్స్'. చిన్నప్పుడు చదివినవాళ్లు పెద్దయ్యాక వెతుక్కోవడం మొదలుపెట్టారట, 2003లో పాత ప్రతిని ఉన్నదున్నట్టు మళ్లీ వేశారు. బెట్టీ క్రాకర్ అని ఒక మనిషి లేదు. ఉత్తరాలు రాసే గృహిణులకు ఇచ్చే జవాబుల కింద సంతకం పెట్టడానికి 1921లో ఒక పిండి మిల్లు కంపెనీ పుట్టించిన పేరది. పిల్లల చేత కేకులు చేయిస్తే తమ పిండి అమ్ముడుపోతుందన్న లెక్క కంపెనీకి ఉండనే ఉంటుంది. అయినా పుస్తకం శ్రద్ధగా చేశారు. పిల్లల చేత వండించి చూసి మరీ అచ్చు వేశారు. బొమ్మలు ముద్దొస్తాయి. అనాసపండు చక్రం మధ్యలో అరటిపండు ముక్కను నిలబెట్టి, నెత్తిన చెర్రీ పండు గుచ్చి, అదే కొవ్వొత్తి అంటారు. మా మేనకోడలి కొడుకు అది చేసి నాకు ఫోనులో చూపించాడు. మా ప్రత్తిపాడులో అయితే అరటిపండును అరటిపండులా తినడానికేం రోగం అని అడిగేవాళ్లు.

ఆ పుస్తకంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. వంట మొదలుపెట్టే ముందు అమ్మకు వీలైన వేళ చూసుకోమంటుంది పిల్లలతో. అంటే అమ్మ ఇంట్లో ఉంటుంది, వంటిల్లు ఆవిడది, పిల్లలు కాసేపు సరదాగా వస్తారు. మా ఇంట్లో నేను వండింది అమ్మ లేదు కనుక. మిరప చేలో ఉంది కనుక. ఆ పుస్తకాన్ని తెలుగులోకి మారిస్తే మనకు పిల్లల వంట పుస్తకం వచ్చేస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలాగని ఆ పుస్తకం నుంచి నేర్చుకోవలసింది లేదనీ అనను. పేరులోనే అబ్బాయిలని ముందు పెట్టారు. 1957లో! మనం ఇప్పటికీ ఆ మాట అనడానికి మొహమాటపడుతున్నాం.

మనకూ పిల్లల వంట ఉంది సుమండీ. ఆటగా ఉంది. గుజ్జనగూళ్లు అనేవాళ్లు. పోతన భాగవతంలో రుక్మిణి చిన్నతనం చెబుతూ ఆ ముచ్చట తెస్తాడు. బొమ్మల పెళ్లిళ్లు చేసి, గుజ్జనగూళ్లు వండించి నేస్తాలకు పెట్టిస్తుంది. ఏటికొప్పాక లక్కపిడతలు, చిట్టి చిట్టి గిన్నెలు, తిరగలి, రోలు, ఇవన్నీ ఆ ఆట సామానే. కానీ ఆ ఆట ఆడపిల్లలది. రేపటి పనికి ఈనాటి తర్ఫీదు. మగపిల్లలు పెళ్లివారిలా వచ్చి తిని వెళ్లడమే.

పిల్లల కోసం తెలుగువాళ్లు తక్కువ చేయలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అదే మన రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, ఈ రేడియోలోనే పిల్లల చేత పాడించారు, ఆడించారు, మాట్లాడించారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. 1947లో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు 'చందమామ' మొదలుపెట్టారు. నేను చదివిన చందమామల్లో గారెలు తినే అల్లుళ్లు, వండిపెట్టే పేదరాశి పెద్దమ్మ ఉన్నారు. గారెలు ఎలా వేయాలో పిల్లలకు చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. వంట పిల్లలకు చెప్పే విషయం కాదనుకున్నాం. ఆడపిల్లకు చెప్పకుండానే వస్తుందనుకున్నాం, మగపిల్లవాడికి రానక్కర్లేదనుకున్నాం. రెండూ తప్పే.

ఇప్పుడు బళ్లలో పొయ్యి లేని వంట పోటీలు పెడుతున్నారు. మంచిదే. అయితే అందులో ఎక్కువగా బ్రెడ్డు ముక్కలు, దోసకాయ ముక్కలు, మీద జల్లే మసాలా. మన వంటలో పొయ్యి అక్కర్లేనివి లేవా? పిల్లలెవరైనా వింటుంటే కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. పచ్చిపులుసు చెబుతాను. పుస్తకంలో ఉన్నట్టు కాదు, మా అమ్మ నాకు చెప్పినట్టు.

చింతపండు చిన్న నిమ్మకాయంత తీసుకోండి. రెండు గ్లాసుల చల్లని నీళ్లలో గంటసేపు నానేయండి. తొందరపడి వేడినీళ్లు పోయొద్దు, ఈ వంటకు వేడితో పని లేదు. నానాక చేత్తో బాగా పిసికి, పిప్పి తీసి పడేయండి. పిసకడం మీకు నచ్చుతుంది, నాకు తెలుసు. ఉల్లిపాయ తరగాలి. ముందు పాయను రెండు చెక్కలు చేయండి, బల్లపరుపు వైపు పీటకు ఆనిస్తే దొర్లదు. కత్తి పట్టుకున్న చెయ్యి కాదు, ఉల్లిపాయ పట్టుకున్న చెయ్యి చూసుకోండి, వేళ్లు లోపలికి మడిచి ఉండాలి. పచ్చిమిరపకాయ జోలికి ఈసారికి వెళ్లొద్దు. కారం పావు చెంచా చాలు, మీది గుంటూరు కారమైతే అందులో సగం. ఉప్పు అర చెంచాతో మొదలుపెట్టి, రుచి చూసి వేసుకోండి. వేయడం మీ చేతిలో ఉంది, తీయడం లేదు. ఇవన్నీ చింతపండు నీళ్లలో వేసి, ఉసిరికాయంత బెల్లం కూడా వేసి కరిగేదాకా కలపండి. జీలకర్ర పొడి ఉంటే కొంచెం, కొత్తిమీర తుంపి పైన. తాలింపు లేకుండానే తినొచ్చు. కావాలంటే ఆ పని పెద్దవాళ్లకు వదిలేయండి, ఆవాలు చిట్లి మొహాన పడతాయి.

వేడి అన్నం, పచ్చిపులుసు, పక్కన ముద్దపప్పు ఉంటే ఇక అడగనక్కర్లేదు.

పెద్దలకు ఒక విన్నపం. మీ ఇంటి వంటల్లో పిల్లలు చేయగలిగినవి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. గుప్పెడని రాస్తే ఎవరి గుప్పెడో రాయండి. మిరపకాయ అని రాస్తే ఏ రకమో రాయండి. ఎక్కడ చెయ్యి కాలుతుందో, ఎక్కడ తెగుతుందో తప్పకుండా రాయండి. ప్రచురణకర్తలెవరైనా వింటుంటే, అలాంటి పుస్తకం తెలుగులో ఇప్పుడు వేసినా ఆలస్యమేమీ కాలేదు. అట్ట మీద బొమ్మలో గరిటె పట్టుకున్న అబ్బాయి కూడా ఉండాలి. ఈ ఆదివారం పచ్చిపులుసు మీ ఇంట్లో అబ్బాయి చేతే పెట్టించండి.